ఉస్తాద్ బాలకిషన్ చెయ్యి

పంతొమ్మిది వందల అరవైల్లో అబిడ్స్‌లో ఫోటో దిగి, అద్దంలో కంటే ఫోటోలోనే బాగున్నామని మురిసిపోయినవాళ్లు చాలామంది. ఆ మురిపెం వెనక ఒక మనిషి ఉన్నాడని వాళ్లలో నూటికి తొంభైమందికి తెలియదు. అతని పేరు బాలకిషన్. పెద్ద పోస్టాఫీసుకు కూతవేటు దూరంలో, ఒక మేడ మీద, వామన్‌రావుగారి ఫోటో స్టూడియోలో రీటచింగ్ చేసేవాడు. కెమెరాకు మొహమాటం లేదు. ఉన్నది ఉన్నట్టు తీసి ఊరుకుంటుంది. మొహమాటపడే పనంతా బాలకిషన్‌ది.

ఆ రోజుల్లో అమ్మవారు పోసి మచ్చలు మిగిలిన మొహాలు వీధికి పది. పెళ్లి కావలసిన పిల్ల మొహాన గుంటలుంటే ఆ ఫోటో బాలకిషన్ డెస్కు మీదికి రావలసిందే. వాలుగా ఉండే ఆ చెక్క డెస్కుకు మధ్యలో మసక గాజు, కింద అద్దం. అద్దం మీద పడిన కిటికీ వెలుగు పైకి తిరిగి నెగెటివ్‌లోంచి వస్తుంది. నెగెటివ్ మీద టర్పెంటైన్ వాసన వేసే జిగురు ఒక చుక్క రుద్ది, సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కొక్క గుంటనూ చుక్కలతో పూడ్చాలి. చుక్క లావైతే మొహానికి బూజు పట్టినట్టు వస్తుంది, పలచనైతే గుంట గుంటలాగే ఉంటుంది. ఊపిరి బిగబట్టి చేసే పని అది. ఒక్కో మొహానికి రెండు గంటలు పట్టేది.

స్టూడియోలో ఉత్తరం కిటికీ పక్కన ఒక పేము కుర్చీ ఉండేది. ఎండ నేరుగా పడని ఆ వెలుగు రీటచింగ్‌కు అమృతం. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఉస్తాద్ అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఉస్తాద్ అంటే బాలకిషనే. నాంపల్లిలో అతనుండేది రెండు గదుల కిరాయి ఇల్లు, బీరువాలో ఉన్నవి నాలుగు చొక్కాలు. మనిషికి ఆస్తి అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే.

అంత పేరున్నవాడికి ఓర్వలేనితనం ఎందుకు? ఉండకూడదు. కానీ ఉండేది, దండిగా ఉండేది. దాని పేరు అమరేశ్వరరావు.

యాభై ఏడులో, ఆంధ్ర నుంచి ఉద్యోగాల కోసం జనం బస్తాలూ బిందెలతో సహా దిగుతున్న రోజుల్లో, ఈ అమరేశ్వరరావు తెనాలి నుంచి వచ్చాడు. గొంతుదాకా బొత్తాలు పెట్టిన చొక్కా, మడత నలగని పంచె, ‘అండీ’ తగిలించకుండా వాక్యం ముగించని నోరు. మెట్ల పక్కన, బల్బు కింద రెండో డెస్కు అతనిది. పదమూడేళ్లుగా అక్కడే కూర్చుని, తలెత్తకుండా, ఎవరినీ ఒక మాట అనకుండా పని చేసుకుపోయేవాడు. బాలకిషన్‌కు కంట్లో నలుసు అదే. తిట్టేవాణ్ణి తిట్టవచ్చు, పోట్లాడేవాడితో పోట్లాడవచ్చు. ఏమీ అననివాణ్ణి ఏం చేస్తాం? ఎవరైనా పెద్దమనిషి వచ్చి, "అమరేశ్వరరావుగారు చేసిన మా అమ్మాయి ఫోటో భలే కుదిరిందండీ" అంటే, ఆ పూట బాలకిషన్‌కు చాయ్ చేదయ్యేది. అమరేశ్వరరావు భోజనానికి లేచినప్పుడు అతని డెస్కు దగ్గరికి పోయి, కవర్లు ఎత్తి, భూతద్దం పెట్టి చూసి, తప్పు దొరకక ఇంకా మండిపోయి వెనక్కి వచ్చేవాడు. ఇది వారానికి రెండుసార్లు జరిగేది.

అయితే ఒక్క విషయంలో మాత్రం బాలకిషన్‌ది పైచెయ్యి. సాయంత్రం ఆరు గంటల విషయంలో.

ఆరు కొట్టగానే వామన్‌రావుగారు స్టూడియో వెనక గది తలుపు తీసేవారు. జంబుఖానా, బాలీసులు, ఒక సీసా, వేయించిన పల్లీలు, ఉల్లిగడ్డ ముక్కలు. వకీలు శ్రీపతి వచ్చేవారు, ఇంకా ఇద్దరు ముగ్గురు మర్యాదస్తులు వచ్చేవారు. ఉర్దూ కవితలు, కచేరీ కబుర్లు, ఎవరి బిడ్డను ఎక్కడ ఇవ్వాలన్న ఆలోచనలు అన్నీ అక్కడే. పెళ్లి ఫోటోలు బాగా కుదిరినవాళ్లు మిఠాయి డబ్బాతోపాటు ఒక సీసా కూడా ఉస్తాద్ పేరు మీద పంపేవారు. పంపకపోతే ఉస్తాద్‌ను చిన్నచూపు చూసినట్టు లెక్క. ఉస్తాద్ రెండు గ్లాసులు తాగేవాడు. కొన్నాళ్లకు రెండూ కొంచెం పెద్ద గ్లాసులయ్యాయి. అంతకు మించి ఏమీ లేదు. తూలడు, అరవడు, ఎవరి మీదా చెయ్యెత్తడు. "మా బాలకిషన్ తాగుతడు గని తాగినట్టే ఉండడు" అని వాళ్ల మేనమామ పెళ్లిళ్లలో పదిమంది ముందు మెచ్చుకునేవాడు. తాగుబోతు అంటే నాంపల్లి స్టేషన్ ముందర పడిపోయేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లు తిన్నగా దిగేవాణ్ణి తాగుబోతని ఎవరంటారు?

అమరేశ్వరరావు ఆ గది గడప తొక్కలేదు. వచ్చింది మద్యనిషేధం ఉన్న జిల్లా నుంచి. ఇక్కడికి వచ్చాక కూడా దాన్ని మూటగట్టుకునే తిరిగాడు. ఆరు కొట్టగానే గొడుగు తీసుకుని, "వస్తానండీ" అని ఇంటికి పోయేవాడు. "పాపం, మనిషికి రుచి తెల్వదు" అని బాలకిషన్ లోపల కూర్చుని గ్లాసు ఎత్తేవాడు. ఆ ఒక్క గంటా అతని కడుపు చల్లగా ఉండేది.

ఇక ఇంటి సంగతి. భార్య విద్యావతి, కూతురు నళిని. ఇంట్లో ఏ గొడవా లేదు. గొడవ లేకుండా ఇల్లు ఎలా సర్దుకుందో అదే చెప్పాలి. ఏదైనా అడగదలచుకుంటే పొద్దున తొమ్మిది తర్వాతే అడగాలని నళినికి ఏడో ఏటికే తెలిసిపోయింది. రాత్రి అడిగితే నాన్న దేనికైనా సరేనంటాడు, పొద్దునకు అదేమీ గుర్తుండదు. నాంపల్లి మైదానంలో ఏటా నుమాయిష్ పెడతారు. ఆ దీపాలు వాళ్ల డాబా మీదికి కనిపిస్తాయి. "రేపు పోదాం బిడ్డా, నీకు జెయింట్ వీల్ ఎక్కిపిస్త" అని మూడేళ్లు వరసగా మాటిచ్చాడు. మూడో ఏడు ఆ పిల్ల తయారై కూర్చోవడం మానేసింది. ఒకసారి బళ్లోంచి ప్రోగ్రెస్ కార్డు తిరిగొచ్చింది, సంతకం కిందటిసారి సంతకంలా లేదని. పొద్దున పెట్టిన సంతకం అది. అప్పటినుంచి కార్డు మీద విద్యావతే సంతకం పెడుతూ వచ్చింది. కార్డు తన దగ్గరికి రావడం లేదన్న సంగతి బాలకిషన్ గమనించలేదు. పొద్దున చెయ్యి వణకడం మాత్రం గమనించాడు. ఖాళీ కడుపున చాయ్ తాగడం వల్ల అనుకున్నాడు. చలికాలంలో చలి వల్ల అనుకున్నాడు. ఎండాకాలంలో ఏమీ అనుకోలేదు.

అందుకే కష్టమైన మొహాలను నల్ల కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకునేవాడు. వెనక గదిలో రెండు గ్లాసులయ్యాక చెయ్యి కుదురుగా ఉంటుందని అతని నమ్మకం. ఇంట్లో ఉన్న పాత డెస్కు ముందు, బల్బు పెట్టుకుని, అరగంటలో పని ముగించి, కవరులో పెట్టి, తిని పడుకునేవాడు. మునుపు రెండు గంటలు పట్టేది అరగంటలో అవుతోందంటే తన చెయ్యి ఎంతగా తిరిగిందో చూసుకోమని తనకు తనే చెప్పుకునేవాడు. పొద్దున ఎనిమిదిన్నరకు లేచి, కవరు చంకన పెట్టుకుని పోయి, నేరుగా ప్రింటింగ్ గదిలో ఇచ్చేవాడు. చేసిన నెగెటివ్‌ను మళ్లీ చూసుకోవడం ఉస్తాదులకు నామోషీ. ప్రింటు చూసి మెప్పు వినడమే.

మెప్పుకు లోటు లేదు. అరవై నాలుగు తర్వాత చేసిన మొహాలు మునుపటికంటే బాగున్నాయని వామన్‌రావుగారే అనేవారు.

డెబ్భైలో, దసరాకు నెల ముందు, వామన్‌రావుగారు ఇద్దరినీ పిలిచారు. చిన్న కెమెరాలు వచ్చి పెద్ద నెగెటివ్‌ల పని సగానికి పడిపోయిందనీ, ఇద్దరు రీటచర్లను పెట్టుకోలేననీ చెప్పారు. "ఒక్కరే ఉండాలె. ఎవర్ని పొమ్మంటే నాకు పాపం. పనే చెప్పనీ" అన్నారు. ఒక పెళ్లికావలసిన పిల్లకు రెండు ఫోటోలు తీశారు. ఒకే భంగిమ, ఒకే వెలుగు, మొహం నిండా ఒకే మచ్చలు. ఒక నెగెటివ్ ఒకరికి, రెండోది ఇంకొకరికి. శనివారం ఇచ్చి సోమవారం తెమ్మన్నారు.

శనివారం సాయంత్రం వెనక గదిలో అందరూ ఉస్తాద్ గెలుపు కోసం ముందే గ్లాసులెత్తారు. ఉస్తాద్ మూడోది కూడా తీసుకున్నాడు, శకునం మంచిదని.

సోమవారం ప్రింట్లు వచ్చాయి. అమరేశ్వరరావు చేసిన మొహం నున్నగా, గిన్నె తోమినట్టు ఉంది. బాలకిషన్ కవరులోంచి వచ్చిన మొహం అలా లేదు. మచ్చలు పోయాయి, మొహం మాత్రం ఆ పిల్లదిగానే మిగిలింది. చెంప మీద చిన్న నీడ కూడా పోలేదు. వకీలు శ్రీపతి చూసి, "వాహ్వా" అన్నారు. వామన్‌రావుగారు ఇంకో మాట మాట్లాడకుండా, "కుర్చీ నీదే ఉస్తాద్" అన్నారు. నెలాఖరుకు పని మానేయమని అమరేశ్వరరావుకు మెల్లగా చెప్పారు.

గెలిచినవాడు గెలిచినట్టు ఊరుకుంటే ఈ కథ లేదు. అమరేశ్వరరావు మొహం మాడలేదు. "బావుందండీ, చాలా బావుంది" అన్నాడు. ఆ మాటకు బాలకిషన్‌కు కడుపు మండింది. ఓడినవాడు ఏడవకపోతే గెలిచినవాడికి ఏం మిగిలింది? వాణ్ణి పిలిచి, నెగెటివ్ మీద తన పనితనం భూతద్దంలో చూపించి, వాడి కళ్లల్లో ఓటమి కళ్లారా చూడాలనిపించింది. ప్రింటింగ్ గదికి పోయి నెగెటివ్ తెచ్చి, కిటికీ దగ్గర డెస్కు మీద పెట్టి, "రావయ్యా, జర చూసి నేర్చుకో" అని పిలిచి, ముందు తనే భూతద్దంలోకి వంగాడు.

ఏ రీటచర్ చెయ్యి ఆ రీటచర్‌దే. చేతిరాత దాచినా దాగుతుందేమో గాని పెన్సిల్ చుక్క దాగదు. బాలకిషన్‌వి గసగసాల్లాంటి గుండ్రటి చుక్కలు. అమరేశ్వరరావు చాప అల్లినట్టు అడ్డం నిలువు గీతలు గీస్తాడు. నెగెటివ్ మీద ఉన్నవి ఈ రెండూ కావు. సన్నగా, వంపుగా, వెంట్రుక ముక్కల్లాంటి గీతలు. చెంప మీద, నుదుటి మీద, ముక్కు పక్కన, అంతటా అవే. గుండ్రటి చుక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

అమరేశ్వరరావు పక్కన వంగి తనూ చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, బాలకిషన్ మొహంలోకి ఒకసారి చూసి, "బావుందండీ" అని మళ్లీ అదే మాట అని, తన బల్బు కిందికి పోయి కూర్చున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాలకిషన్ తేలిగ్గా ఊపిరి పీల్చేవాడు. తేలు కుట్టిన దొంగలా ఆ రోజంతా కుర్చీలో కూర్చున్నాడు.

నెగెటివ్ స్టూడియో నుంచి ఇంటికి పోయింది, ఇంటినుంచి స్టూడియోకు వచ్చింది. మధ్యలో దాన్ని తాకినవాడెవడు? అసూయ పట్టిన బుర్ర ఆడమనిషి ఉన్న ఇంట్లో ముందు మగవాణ్ణే వెతుకుతుంది. చాదర్‌ఘాట్‌లో ఒక స్టూడియోలో రాజయ్య అని రీటచర్ ఉన్నాడు, భార్య పోయినవాడు, వాళ్ల గల్లీకి వెనక గల్లీలోనే ఉంటాడు. ఎప్పుడు కలిసినా "వదిన మంచిగున్నదా?" అని అడుగుతాడు. ఎందుకడుగుతాడు? మొన్న సంక్రాంతికి విద్యావతి అతనికి సకినాలు పంపింది. ఎందుకు పంపింది? తను పొద్దున ఎనిమిదిన్నర దాకా లేవడని ఆమెకు తెలుసు. సూర్యుడు ఆరింటికే వస్తాడు. రెండున్నర గంటలు! తన భార్య తన నెగెటివ్‌లు పట్టుకుని రాజయ్య దగ్గరికి పోతున్నట్టు, అతను నవ్వుతూ అందుకుంటున్నట్టు బాలకిషన్‌కు కళ్లకు కట్టింది. కుర్చీ పోయినా ఇంత బాధ ఉండదనుకున్నాడు. మరుక్షణం కుర్చీ కూడా గుర్తొచ్చి రెండింటికీ కలిపి కుమిలాడు.

పట్టుకోవాలంటే పొద్దున్నే లేవాలి. పొద్దున్నే లేవాలంటే సాయంత్రం తాగకూడదు. మంగళవారం ఆరింటికి, ఒక కష్టమైన నెగెటివ్ చంకన పెట్టుకుని, "ఇయ్యాల వద్దు" అన్నాడు. వెనక గదిలో కలకలం రేగింది. "ఏంది ఉస్తాద్, తబియత్ మంచిగ లేదా?" "ఇంట్ల ఎవరన్న పోయిన్రా?" "మా మీద కోపమా?" ఇరవై ఏళ్లు తాగితే ఎందుకు తాగుతున్నావని ఒక్కడూ అడగలేదు. ఒక్కరోజు వద్దంటే అందరికీ కారణం కావలసివచ్చింది. వామన్‌రావుగారైతే నొచ్చుకున్నారు కూడా. మొక్కు ఉందని అబద్ధం చెప్పి బయటపడ్డాడు.

ఇంటికొచ్చి అలవాటుగా బల్బు వేసి డెస్కు ముందు కూర్చున్నాడు. పెన్సిల్ పట్టాడు. చెయ్యి నిలవలేదు. చాయ్ తాగలేదు, చలి లేదు, కడుపు ఖాళీగా లేదు. మరి ఎందుకు? ఏవో నాలుగు చుక్కలు పెట్టి, పూర్తయినట్టు కవరులో పెట్టేశాడు. మంచమెక్కాక గుండె దడదడలాడింది, పక్కబట్ట చెమటకు తడిసింది, రెప్ప మూతపడలేదు. ఇదంతా భార్య మీద అనుమానం చేస్తున్న పని అనుకున్నాడు, పాపం. సీసా మీద అతనికి ఏనాడూ అనుమానం రాలేదు.

తెల్లవారింది. విద్యావతి లేచింది. మొహం కడుక్కుంది, పాలు పొయ్యి మీద పెట్టింది. బాలకిషన్ కళ్లు సగం మూసి చూస్తున్నాడు. ఆమె కవరు తీసుకుంది. ఇక చెప్పులేసుకుని బయటికి పోతుంది, తను వెనకే పోతాడు, రాజయ్య గల్లీలో ఇద్దరినీ పట్టుకుంటాడు. కానీ ఆమె చెప్పులు వేసుకోలేదు. డెస్కు ఎత్తుకుపోయి వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుంది. నెగెటివ్ పెట్టి, దూదిని టర్పెంటైన్‌లో ముంచి, మొహం మీద ఒక్కసారి తుడిచింది. రాత్రి అతను పెట్టిన చుక్కలన్నీ ఆ ఒక్క తుడుపుతో పోయాయి. వెలుగుకేసి చూసి, ఇంకా ఏదో మిగిలిందని మళ్లీ తుడిచింది, ఎంగిలి పళ్లెం తుడిచినట్టు. తర్వాత జిగురు రుద్ది, పెన్సిల్ చెక్కుకుని, మొదటినుంచి మొదలుపెట్టింది. మధ్యలో లేచి పాలు దించి, చెయ్యి కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ చెయ్యి రవ్వంత కూడా అదరలేదు.

రాజయ్య లేడు. ఎవడూ లేడు. సంతోషించాలి కదా? బాలకిషన్‌కు సంతోషం కలగలేదు. అంతకుముందు ఎప్పుడూ, ఎవరి మీదా కలగనంత అసూయ కలిగింది. మగవాడైతే కాలర్ పట్టుకుందును, అనుకున్నాడు. మంచం మీంచి లేచి వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు.

విద్యావతి ఉలిక్కిపడింది గాని పెన్సిల్ జారనివ్వలేదు. దాన్ని ముందు పక్కన పెట్టి, అప్పుడు తలెత్తింది.

"ఎప్పటిసంది?" అన్నాడు.

"నళిని బడికి పోవుడు షురువైనప్పటిసంది. ఆరేండ్లయింది."

"ఆరేండ్లా! ఎవరు నేర్పిన్రు?"

"మీరే. పెండ్లైన కొత్తల మీ పెన్సిళ్లు నేనే చెక్కి ఇస్తుంటి. పక్కన కూసొని చూస్తుంటి. చీర అంచుల కాడ మచ్చలు నాతోనే పూడ్పిస్తుండిరి, యాది లేదా?"

"నా పని తుడుస్తున్నవ్!"

"గప్పుడు శ్రీపతి వకీలు సాబ్ బిడ్డ ఫోటో తెచ్చిన్రు. పొద్దుగాల చూస్తె పిల్ల చెంప మీద పురుగులు పాకినట్టున్నది. మీరు నిద్రల ఉన్నరు. గట్లనే ఇస్తె కుర్చీ పోతదని భయమైంది. తుడిచి చేసిన. గాడ మంచిగున్నదన్నరు. మల్ల తెల్లారి ఇంకోటి తెచ్చిన్రు."

"నాకెందుకు చెప్పలే? మొగని దగ్గర ఆరేండ్లు దాస్తవా?"

విద్యావతి అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది.

"చెప్పిన. నాలుగుసార్లు చెప్పిన. రాత్రి అన్నం పెట్టుకుంట చెప్పిన. మీరు నవ్విన్రు. మంచిగైంది, నాకు సగం పని తగ్గె అన్నరు. ఒకసారైతె నా చెయ్యి పట్టుకొని ముద్దు గూడ పెట్టిన్రు. తెల్లారి మీకు యాది లేకుండె. నాలుగోసారి తర్వాత నేనే ఊకున్న."

ఆ చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకున్నవాడెవడో బాలకిషన్‌కు తెలియదు. ఆ మనిషి మీద కూడా అసూయ కలిగింది.

నిలబడే లెక్క వేసుకున్నాడు. ఆరేళ్లుగా తను విన్న వాహ్వాలు, అందుకున్న మిఠాయి డబ్బాలు, తన పేరు మీద వచ్చిన సీసాలు. ఆ సీసాలన్నీ ఈమె మెప్పుకు వచ్చినవి. వాటిని తను తాగాడు. తాగినందువల్ల చెయ్యి పోయింది. చెయ్యి పోయినందువల్ల ఈమె చేసింది. ఈమె చేసినందువల్ల మళ్లీ సీసాలు వచ్చాయి. ఎక్కడ పట్టుకుని ఆపాలో తెలియలేదు. మొన్న గెలిచిన కుర్చీ కూడా ఈమెదే. మింగలేక, కక్కలేక, చివరికి ఒకే ఒక్కటి అడిగాడు.

"ఆఖరుసారి నా చేతితోని, నేనే చేసిన మొఖం ఏది?"

విద్యావతి ఆలోచించింది. అబద్ధం చెబుదామా అని ఒక క్షణం చూసినట్టుంది. చెప్పలేదు.

"సుల్తాన్ బజార్ల బట్టల దుకాణం వెంకటనర్సయ్య లేడా, వాళ్ల అమ్మ ఫోటో. నళిని బడికి పోక ముందటి ఎండాకాలంల చేసిన్రు. దాన్ని నేను ముట్టలే. ముట్టే పని లేకుండె."

ఆ రోజు బాలకిషన్ స్టూడియోకు తిన్నగా పోలేదు. సుల్తాన్ బజార్ దారి పట్టాడు. కొట్లు అప్పుడే తెరుస్తున్నారు. వెంకటనర్సయ్య దుకాణంలో గద్దె వెనక గోడ మీద, అగరొత్తుల పొగలో, నిలువెత్తు ఫ్రేములో ముసలామె ఉంది. బాలకిషన్ చెప్పులు విప్పి గద్దె దగ్గరికి పోయి తలెత్తి చూశాడు.

ఎనభై ఏళ్ల మొహం. ముడతలు ఒక్కటీ పోగొట్టలేదు. మెత్తబరిచాడంతే. కంటి కింద నీటి తడి దగ్గర చెయ్యి ఎంత తేలిగ్గా పడిందో అతనికి కింద నుంచే తెలిసింది. ఆ పెదవి మూల చేయాలంటే ఎన్ని చుక్కలు, ఎంత సన్నటి చుక్కలు, ఎంతసేపు ఊపిరి బిగబట్టాలో తెలిసింది. అమరేశ్వరరావు చేయలేడు. విద్యావతి కూడా ఇంత చేయలేదు. ఇది చేసినవాడు ఉత్తరం కిటికీ దగ్గర, పగటి వెలుగులో, వణకని చేత్తో కూర్చుని ఉంటాడు. వాడిప్పుడు ఎదురుగా ఉంటే గొంతు పిసికేద్దునన్నంత కుళ్లు పుట్టింది బాలకిషన్‌కు. అందరి మీదా తిరిగి తిరిగి అతని అసూయ ఆఖరుకు వాడి దగ్గరికి వచ్చి నిలిచింది. వాడిది అతని పేరే, వయసు మాత్రం ఆరేళ్లు తక్కువ. వాణ్ణి దాటడం అతని వల్ల కాదు.

"ఏం కావాలె సాబ్?" అన్నాడు వెంకటనర్సయ్య. ఉస్తాద్ అతనికి పేరుతోనే తెలుసు, మొహం చూసి ఎరగడు.

"ఏం లేదు. ఫోటో చూస్తున్న."

"మా అమ్మ. అచ్చం గట్లనే ఉంటుండె. అబిడ్స్‌ల బాలకిషన్ ఉస్తాద్ అని, ఆయన చేసిండు. మా మనుమరాలికి సంబంధాలు చూస్తున్నం, ఆయనతోనే చేపిద్దామని. గాడనే ఉంటడా ఇంక? మీకు ఎరికేనా?"

బాలకిషన్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"లేడు. ఆయన పోయి ఆరేండ్లయింది."

"అయ్యో! మరి గసొంటోళ్లు ఎవరున్నరిప్పుడు?"

"అమరేశ్వరరావు అని, గదే స్టూడియోల ఉంటడు. మంచి చెయ్యి. తాగడు. ఉత్తరం కిటికీ పక్క కుర్చీ ఎవరిదని అడుగున్రి, ఆయనదే అని చెప్తరు" అన్నాడు. పదమూడేళ్లలో ఆ పేరును ఒక మంచి మాటతో కలిపి పలకడం అదే మొదటిసారి. అంత పని చేయగలిగాడు, కుర్చీ కూడా ఇచ్చేశాడు. కానీ అంతకంటే మంచి చెయ్యి ఇంకొకటి నాంపల్లిలో, వంటింటి కిటికీ దగ్గర ఉందని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చెప్పులు తొడుక్కుని దుకాణం దిగాడు.